నేరేడు మండ అవతల

2 సెప్టెంబర్ 1998, బుధవారం. అరకు

ఈ డైరీ ఎవరికీ చూపించేది కాదు. ఆఫీసు రిపోర్టులో "నేను" అని రాయకూడదట, "బృందం" అని రాయాలట. బృందమంటే ఎవరయ్యా అంటే నేనూ, జీపు డ్రైవరు సన్యాసిరావూ. సన్యాసిరావు జీపు దిగడు. అంచేత బృందం చేసిన ఘనకార్యాలన్నీ నావే. ఇక్కడైనా నా పేరు పెట్టి రాసుకుంటాను.

వానలకి కొండచరియలు జారి ఊళ్ళు చెదిరిపోయాయి. ఏ ఊరి వాళ్ళు ఎక్కడ తేలారు, ఎన్ని కుటుంబాలు, జబ్బుపడ్డవాళ్ళున్నారా, ఇవన్నీ కనిపెట్టి సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి విశాఖ ఆఫీసుకి చెప్పాలి. దాన్నిబట్టి లక్ష్మీప్రసాద్ గారు బియ్యం, టార్పాలిన్లు, డాక్టర్ని పంపిస్తారు. నేను చెప్పని చోటికి గింజ కూడా వెళ్ళదు. అంత పెద్ద ఉద్యోగం నాది. అమ్మ ఉంటే చూసి మురిసిపోయేది.

లక్ష్మీప్రసాద్ గారి దగ్గర గోడ పొడవునా మ్యాప్ ఉంది. దానిమీద రంగు గుండుసూదులు గుచ్చుతారు. నా దగ్గర మ్యాప్ లేదు. ఏ ఊరి పిల్లని ఏ ఊరికిచ్చారో నాకు తెలుసు, అది చాలు. ఇల్లు పోయిన కొండవాడు గాల్లో కలిసిపోడు, చుట్టాల్లో కలుస్తాడు. ఆడపడుచు ఇంటికో, మేనమామ ఇంటికో, వియ్యాలవారి పశువుల పాకకో చేరతాడు. నేను పెళ్ళిళ్ళ వెంట పోతాను, మనుషులు దొరుకుతారు. ఈ అయిదు రోజుల్లో చెదిరిన ఊళ్ళన్నీ ఇలాగే దొరకబుచ్చుకున్నాను. ఒక్క లెక్క తప్పలేదు.

ఒక ఊరు మిగిలింది. గెడ్డపుట్టు. రేపో ఎల్లుండో దొరుకుతారు.

4 సెప్టెంబర్

గెడ్డపుట్టు వెళ్ళాను.

గెడ్డ, అదే కొండవాగు, ఊరి మధ్యనుంచి పోతోంది. ఇళ్ళు నడుం లోతు బురదలో ఉన్నాయి. జాకరమ్మ గుడి దగ్గర పనసచెట్టు వేళ్ళతో సహా పడి ఉంది. మాకన్నా ముందు వచ్చిన సర్కారువాళ్ళు తవ్వి చూశారు, ఒక్క శవం దొరకలేదు. "భయపడి రాత్రికి రాత్రే ఒరిస్సా పారిపోయారు" అని వాళ్ళ తీర్మానం.

నాకు అలా అనిపించలేదు. ఇళ్ళకి తలుపులు లేవు. ఏ ఇంటికీ లేవు. వరదొచ్చి తలుపుల్ని మడతబందులతో సహా శుభ్రంగా విప్పుకుపోదు కదా. తిరగళ్ళు లేవు. పారిపోయేవాడు తిరగలి నెత్తిన పెట్టుకుని పరిగెత్తడు. తలుపూ తిరగలీ పట్టుకెళ్ళినవాడు ఎక్కడో ఇల్లు కడుతున్నాడన్నమాట. ఇది కనిపెట్టింది నేను. రిపోర్టులో "బృందం గమనించింది" అని రాశాను.

మా అక్క చిన్నమ్మలుని, అప్ప అంటాను నేను, ఈ ఊరికే ఇచ్చారు. అప్పకి ఏమీ కాదు. దాని గొంతు వింటే కొండే పక్కకి జరుగుతుంది. బావ సోమన్న సంగతే చెప్పలేను. కోడి రెక్క కొట్టినా ఉలిక్కిపడతాడు. ఊళ్ళో పంచాయితీ జరిగితే వెనక వరసలో, దానికి కూడా వెనక కూచుంటాడు. నేను వాళ్ళింటికెళితే చెరువు చేపలా నోరు తెరిచి మూసి, ఏమీ అనకుండా, జీలుగు కల్లు బుర్ర నా ముందు పెట్టి పోయేవాడు.

అప్పకీ నాకూ రెండేళ్ళుగా మాటల్లేవు. చైత్రంలో ఇటుకల పండగప్పుడు ఊరి మొదట్లో నేరేడు మండ, అంటే కొమ్మ, అడ్డం కట్టి ఎవరూ రాకుండా ఊరు మూసి ఉండగా మా జీపు దాటేసింది. సర్వే గడువు ఆ రోజే. దాటింది జీపు, నేను కాదు. "మండ దాటీసినావు. నీకూ కింద ఊరోళ్ళకీ తేడా ఏటే? నీకు ఊరు నేదు, జీపే నీ ఊరు" అంది నలుగురిలో. పెద్దలు వాళ్ళింటికి తప్పు వేశారు. బావ ఒక మేకపోతుని ఇచ్చుకున్నాడు. అది నా వల్ల కాదు, గడువు వల్ల.

బెంగేమీ లేదు. చుట్టాలింట్లో ఉండి ఉంటారు.

5 సెప్టెంబర్

అప్ప ఆడపడుచు ఇంట్లో లేరు. బావ మేనమామ ఊళ్ళోనూ లేరు. అటు ఇచ్చిన పిల్లల ఇళ్ళన్నీ తిరిగాను. అందరూ నన్నే అడిగారు, "మావోళ్ళేరీ?" అని.

6 సెప్టెంబర్, ఆదివారం

ఈ రోజు సన్యాసిరావుకి పాఠం చెప్పాను.

జీపు బురదలో దిగబడిపోయింది. అంచేత మహానుభావుడు నడవక తప్పలేదు. గెడ్డపుట్టు పైన దారి రెండుగా చీలేచోట మంచు కమ్మేసింది. ఎదురుగా మనిషి ఉన్నా కనబడడు. పై ఊరు చీడివలసలో కూడా అడుగుదామని, ఆ దారే అనుకున్నదాన్ని పట్టుకుని ఎక్కాం. నా సంచి నిండా జబ్బుల మందులు, విరేచనాలకి ఇచ్చే ఉప్పు చక్కెర పొట్లాలు. భుజం ఊడిపోయింది. ఒకచోట దారికి అడ్డంగా, ఆ చెట్టుకీ ఈ చెట్టుకీ తీగ లాగి నేరేడు మండ కట్టి ఉంది. ఆకు ఇంకా పచ్చగానే ఉంది.

"కొర్ర కొత్త పండగ చేస్తున్నట్టున్నారు, కొత్త పంటకి. ఊరు మూసేశారు" అన్నాను.

"ఏటి మేడమ్, సెట్టుకొమ్మకి బయపడి ఎనక్కెల్లిపోతామా? నానిలా దాటీసి బేగి సూసొచ్చెత్తాను" అని కాలెత్తాడు. చెయ్యి పట్టుకుని ఒక్క లాగు లాగాను.

"సన్యాసిరావూ, మీ ఇంట్లో తలుపేసుకుంటే గోడ దూకి వస్తారా ఎవరైనా? ఇదీ తలుపే. మండ కట్టి ఉంటే బయట నిలబడి మూడుసార్లు పిలవాలి. జవాబు వస్తే మాట్లాడాలి. రాకపోతే వెళ్ళిపోవాలి. లోపలివాళ్ళు లోపలే, బయటివాళ్ళు బయటే. కట్టినవాళ్ళు విప్పేదాకా అంతే."

మూడుసార్లు పిలిచాను. జవాబు రాలేదు. పొగ వాసన తగిలింది. పొదలో ఏదో కదిలింది. "కొండగొర్రె అయ్యుంతాది" అన్నాడు సన్యాసిరావు. వెనక్కి తిరిగి వచ్చేశాం. దారంతా అతను గొణుగుతూనే ఉన్నాడు. నేను మాత్రం తల ఎత్తుకుని నడిచాను. రెండేళ్ళ కిందట నన్ను నలుగురిలో పెట్టి కడిగిన అప్ప ఈ రోజు చూసి ఉండాల్సింది. నాకు ఊరు లేదట!

మందుల సంచి మళ్ళీ మోసుకొచ్చాను. వచ్చేటప్పుడు ఇంకా బరువుగా అనిపించింది.

7 సెప్టెంబర్

వాన. గెడ్డపుట్టు జాడ లేదు. అప్ప గురించి రాయను.

9 సెప్టెంబర్

ఫోన్లో లక్ష్మీప్రసాద్ గారు శనివారంతో జాబితా మూసేస్తామన్నారు. మంచివాడే. ఎప్పుడూ గొంతు ఎత్తడు, అదే చిక్కు.

"గెడ్డపుట్టుకి ఎదురుగా 'వేరే రాష్ట్రానికి వలస వెళ్ళారు' అని రాసేద్దాం రాజకుమారీ. మనకి మిగతా ఊళ్ళున్నాయి. అరకు పంపిన డాక్టర్ సౌందర్య గార్ని కూడా వెనక్కి పిలిపిస్తున్నాను."

"అలా రాస్తే ఇక వాళ్ళకి బియ్యం రావు. రేపు ఇళ్ళిచ్చేటప్పుడు కూడా ఊరే లేదంటారు సార్."

"మీరే చెప్పారు కదా, కొండవాళ్ళు చుట్టాల ఇళ్ళకే పోతారని. ఏ చుట్టం ఇంట్లోనూ లేరు. మరి ఎక్కడున్నట్టు?"

నా మాట పట్టుకుని నన్నే కొట్టారు. "నా లెక్క ఎప్పుడైనా తప్పిందా సార్?" అన్నాను. తప్పలేదన్నారు. శనివారం సాయంత్రం దాకా టైమిచ్చారు.

వలస వెళ్ళారట. మా వైపు మూడు ఊళ్ళు దాటితే నాలుగో ఊరి పేరులో వలస ఉంటుంది. ఎప్పుడో ఎవరో లేచి వచ్చి అక్కడ పొయ్యి పెట్టుకున్నవాళ్ళే అందరూ. వెళ్ళడం మాకు కొత్త కాదు. కానీ చెప్పకుండా వెళ్ళం. ఆడపడుచుకైనా కబురు పెట్టకుండా వెళ్ళం.

10 సెప్టెంబర్

అంబలి సహించలేదు. వానల వల్లే.

11 సెప్టెంబర్, శుక్రవారం

రాయాలని లేదు. అయినా రాయాలి.

అరకు సంతలో చీడివలస బేబి కనిపించింది. తడిసిన పసుపు కొమ్ములు ముందేసుకుని కూచుంది. హాస్టల్లో నాతో చదివిన మనిషి. కబుర్ల మధ్యలో, "మీ ఊరు కొత్త పండగ బాగా జరిగిందా? ఆదివారం మండ చూసి వెనక్కి వచ్చేశాను" అన్నాను.

"కొత్త పండగేటి? కొర్రలింకా పాలమీదున్నాయి. ఈ వానకి పంటే నేదు, పండగెలా సేత్తాం? మేం మండ కట్నేదే."

"గెడ్డపుట్టు పైన, దారి చీలేచోట ఎడమవైపు..."

"ఎడంవైపు ఊరెక్కడుందే? అది ఉత్త అడివి. మాది కుడి దారి."

పసుపు కొమ్ము ఒకటి నా చేతిలో ఉంది. అలాగే పట్టుకుని లేచి వచ్చేశాను. బేబి వెనకనుంచి అరుస్తూనే ఉంది.

ఊరు లేనిచోట మండ ఎవరు కడతారు?

పండగకే కాదు, ఊళ్ళో చెడ్డ జబ్బు వచ్చినప్పుడు కూడా కడతారు. నా చిన్నప్పుడు ఒకసారి కట్టారు, నాన్న చెప్పాడు. మండ కట్టినవాళ్ళు చుట్టాలింటికి పోరు. చుట్టాలింటికి అసలే పోరు.

తలుపులు, తిరగళ్ళు, పొగ వాసన. అన్నీ నా ముందే ఉన్నాయి. ఇంకొకడైతే, మైదానంవాడైతే, కొమ్మ దాటుకుని వెళ్ళి అదే రోజు చూసేవాడు. నేను మా ఊరి పిల్లని కాబట్టి వెనక్కి తిరిగాను.

మంచు వల్ల దారి తప్పింది. మంచు లేకపోతే కనిపెట్టేదాన్నే.

బూత్ కి పరిగెత్తి ఫోన్ చేశాను. "జాబితా మూయొద్దు సార్. గెడ్డపుట్టు ఉంది." "చూశారా?" అన్నారు. "రేపు చూస్తాను. డాక్టరమ్మని వెనక్కి పిలవకండి, ఇక్కడే ఉంచండి." నా గొంతు ఎలా ఉందో ఏమో, సరే అన్నారు.

12 సెప్టెంబర్

మండ ఎండిపోయి ఉంది. ఆకు రాలిపోతోంది. ఎవరూ మార్చలేదు.

ఇవతలే నిలబడి పిలిచాను. "ఓ గెడ్డపుట్టోలూ!" అని, చిన్నప్పుడు గొడ్లు కాసేటప్పుడు పిలిచినట్టు. రెండోసారి పిలిచేసరికి పైన బండమీదనుంచి జవాబు వచ్చింది.

"ఎవులదీ?"

ఆ గొంతు తెలియకపోవడమేమిటి! రెండు చేతులూ ఎత్తి ఊపాను. ఆఫీసు తెలుగంతా ఎక్కడికి పోయిందో.

"నానే అప్పా! రాజకుమారిని!"

బండ అంచుకి వచ్చి నా కాళ్ళ వైపు, మండ వైపు చూసింది అప్ప. తర్వాత,

"దాటకు."

"దాటనులే. ఇక్కడే ఉన్నాను."

"కక్కులూ బేదులూ అట్టుకున్నాయి. కొండ జారిన మూడోనాడు మొదలయ్యింది. పిల్లా పీసూ అందరికీ."

"ఆడపడుసు ఇంటికి కబురెట్టకపోయినావా? ఊరూరా ఎతికినాను!"

"ఎవుల్తో పెట్టమంతావు కబురు? ఎల్లినోడు జబ్బట్టుకెల్తాడు. సుట్టాలింటికెల్లి, ఆళ్ళ కుండలో నీల్లు ముంచి, ఆళ్ళనీ సంపీమంతావా? మాకొచ్చింది మాతోనే పోద్దని కూకున్నాం."

సన్యాసిరావు నా పక్కనే నిలబడి టోపీ తీసేశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియదు.

మంచినీళ్ళు ఎక్కడివి, ఎంతమంది మంచాన ఉన్నారు, ఏం తింటున్నారు, అన్నీ అరుచుకుంటూ అడిగాను. అప్ప అరుచుకుంటూ చెప్పింది. ఇన్నాళ్ళూ మామిడి టెంక పిండి అంబలి తాగారట. అది తిని కడుపులు ఇంకా పాడై ఉంటాయి. పొట్లాలు ఎలా కలపాలో చెప్పి సంచి మండ కింద పెట్టి దూరం జరిగాను. అప్ప దిగి వచ్చింది. చిక్కిపోయింది. మా ఇద్దరి మధ్యా ఒక జీపు పట్టేంత చోటుంది. సంచి తీసుకుని, కొంగు విప్పి, ఆకులో చుట్టిన అడవి దుంపలు అక్కడ పెట్టింది.

"ఇయ్యెందుకే?" అన్నాను.

"ఉత్తసేతుల్తో ఎప్పుడైనా అంపినానా నిన్ను?"

మూడు వారాలుగా ఆకలితో ఉన్న మనుషులు. మాకు దుంపలు ఇచ్చారు. దీన్ని ఏ రిపోర్టులో రాయాలో లక్ష్మీప్రసాద్ గారినే అడగాలి.

"బావేడే?" అని అడిగాను.

"ఉన్నాడు. ఇక్కడే ఉన్నాడు" అంది.

బావ ఎప్పుడూ అంతే. ఆడదాన్ని ముందుకి తోసి తాను వెనక ఉంటాడు. రేపు కనిపిస్తే రెండు చీవాట్లు పెడతాను.

13 సెప్టెంబర్

పొట్లాలు చాలవు, ఒంట్లో నీరు పోయినవాళ్ళకి సెలైన్ ఎక్కించాలి అంది డాక్టర్ సౌందర్య. విజయనగరం పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. లోపలికి వెళ్తే మండ విప్పేదాకా బయటికి రావడానికి లేదని చెప్పాను. "ఎన్నాళ్ళు?" అంది. సంతకీ సంతకీ మధ్య కొత్తగా ఎవరికీ జబ్బు రాకపోతే విప్పుతారు. వస్తే మళ్ళీ మొదటికి. "అయితే ఇంకో రెండు చీరలు తెచ్చుకుంటానుండండి" అని జీపు దగ్గరికి పోయింది. ఆ పిల్లని కన్నతల్లికి దణ్ణం పెట్టాలి.

నేనూ లోపలికి వెళ్తానని ఫోన్ చేస్తే లక్ష్మీప్రసాద్ గారు, "మరి రోజూ లెక్క ఎవరు చెప్తారు?" అన్నారు. సన్యాసిరావు రోజూ మండ దాకా నడిచి వచ్చి, నేను చెప్పింది రాసుకుని బూత్ కి వెళ్తాడు. జీపు దిగని మనిషి! "తప్పుద్దా మేడమ్" అన్నాడు.

లోపలివాళ్ళు రమ్మంటే దాటవచ్చు. అప్ప మండని ఒక చేత్తో పైకెత్తి పట్టుకుంది. మందులపెట్టె నెత్తిన పెట్టుకుని వంగి లోపలికి వెళ్ళాను.

14 సెప్టెంబర్

బావ లేడు.

14, సాయంత్రం

మళ్ళీ రాస్తున్నాను.

నిన్నంతా సెలైన్ సీసాలు పట్టుకుని నిలబడడంతోనే సరిపోయింది. బావ ఎక్కడని అడిగినప్పుడల్లా అప్ప "ఉన్నాడులే" అంది. ఈ రోజు పొద్దున్న నా చెయ్యి పట్టుకుని మండ దగ్గరికి తీసుకొచ్చింది. నేరేడు చెట్టు వెనక, పొదలో, కొత్త మట్టి, మీద రాళ్ళు.

"ఇక్కడే ఉన్నాడన్నాను కదా" అంది.

తర్వాత చెప్పింది. మండ అయితే అందరూ కలిసి కట్టమన్నారు గానీ, దాని దగ్గర కూచునేదెవరు? వెతుక్కుంటూ చుట్టాలు వస్తారు, వాళ్ళని తిప్పి పంపాలి. మన పిల్లలు కిందికి పారిపోతారు, పట్టుకోవాలి. నానే కట్టి నానే కూకుంతాను అన్నాడట బావ. పంచాయితీలో వెనక వరస మనిషి. అందరూ నవ్వారట. ఎండనకా వాననకా చెట్టు కింద కూచున్నాడు. అక్కడే ఉండగా జబ్బు తగులుకుంది. అయినా లేవలేదు.

"నువ్వు ముందొచ్చిన నాడు, పొద్దుగూకినాక, పాక్కుంతూ పైకొచ్చినాడు నాకు సెప్పడానికి. నవ్వుతున్నాడే. మీ సెల్లొచ్చింది అన్నాడు. మండ సూసింది. ఆ డ్రైవరోడు కాలెత్తితే సెయ్యట్టుకుని లాగీసింది. మూడుసార్లు పిలిసింది, ఎనక్కెల్లిపోయింది. ఊరు మరిసిపోనేదే అది, నువ్వే దాన్ని ఊరికినే తిట్టినావు అన్నాడు."

"మరి పలకలేదేం అప్పా? నేను పిలిచాను కదా! మూడుసార్లు పిలిచాను."

"నానూ అదే అడిగినాను. పలికితే దాటీసి వచ్చెత్తాది, బావకి జబ్బంతే ఆగద్దా అది? అప్పుడు దాని మాటేటవుద్ది, నా కాపలా ఏటవుద్ది అన్నాడు. మర్నాడు సాయంత్రం పోయినాడు."

కొండగొర్రె కాదు అది.

నా సంచిలో పొట్లాలున్నాయి. పొద అవతల బావ ఉన్నాడు. నేను దాటి ఉంటే బతికేవాడు. ఇది ఒక్కసారే రాస్తున్నాను, మళ్ళీ రాయను. ఏడ్చాను. అప్ప ఏడవలేదు. నా తల తన ఒళ్ళో పెట్టుకుని పేలు చూసినట్టు వేళ్ళు పోనిస్తూ కూచుంది. "ఆ నవ్వు నువ్విచ్చిందేనే" అంది. "పోయేటప్పుడు కూడా అదే సెప్పుకున్నాడు, మరదలు మండ దాటనేదని."

నా మీద ఎవరైనా గర్వపడాలని ఎంత ఆశపడ్డాను! లక్ష్మీప్రసాద్ గారు, ఆఫీసు, మ్యాప్ మీద గుండుసూదులు. ఇక్కడ చెట్టు వెనక కూచుని ఒక మనిషి అంత గర్వపడ్డాడు. నేను చూడనే లేదు.

15 సెప్టెంబర్

కొత్తగా ఎవరికీ రాలేదు. సన్యాసిరావుకి లెక్క చెప్పాను. బావ సంగతి కూడా చెప్పాను. మండ వైపు చూశాడు. "ఆ రోజు నాను దాటీసుంతే బాగుణ్ణు మేడమ్" అన్నాడు. చీకటి పడకముందే బూత్ కి వెళ్ళమన్నాను.

17 సెప్టెంబర్

ఇక్కడ ఏముందో రాస్తాను. బయటివాళ్ళు శరణార్థులంటే ఏమనుకుంటారో నాకు తెలుసు, ఆ మాట నేనే ఎన్ని రిపోర్టుల్లో రాశానో.

వరసగా పాకలు. ప్రతి పాకకీ తలుపు. బురదలోంచి విప్పుకొచ్చిన తలుపులే. గోడలు తడికలు, తలుపులు మాత్రం టేకువి. జబ్బుపడ్డవాళ్ళ పాకలు గాలివాలుకి కింద, మిగతావి పైన. నీళ్ళ ఊటకి రాళ్ళు పేర్చి, పశువులు రాకుండా ముళ్ళకంప వేశారు. ఎవరి జాగా వాళ్ళు దాటలేదు. ఎవరూ ఎవరినీ తరిమెయ్యలేదు. పోయిన ముసలివాళ్ళిద్దరికీ, పసిబిడ్డకీ, బావకీ చెయ్యాల్సినవన్నీ చేశారు. ఆకలి మీద ఉండి కూడా విత్తనాల రాగులు ముట్టలేదు.

డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. "వీళ్ళకి ఎవరు నేర్పారండీ ఇదంతా?" అంది. ఎవరో నేర్పాలా? ఇది నా ఊరు. నా అప్పని ఇచ్చిన ఊరు. ఇంత గర్వం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

18 సెప్టెంబర్, శుక్రవారం

ఈ రోజు సంత. ఈ సంత నుంచి లెక్క.

21 సెప్టెంబర్

బియ్యం వచ్చాయి. కింద గ్రామాల నుంచి చుట్టాలే మండ దాకా మోసుకొచ్చి పెట్టి, అవతల నిలబడి పేరుపేరునా పిలిచి ఏడ్చి వెళ్ళారు. ఒక్కరూ దాటలేదు. అప్ప ఆడపడుచు అన్న పేరు పిలిచింది. అప్ప బండమీదనుంచి జవాబు చెప్పింది. అది రాయలేను.

25 సెప్టెంబర్, శుక్రవారం

కొత్తగా ఎవరికీ రాలేదు. పొద్దున్నే మండ విప్పారు.

కట్టినవాడే విప్పాలని ఆచారం. కట్టినవాడు లేడు. పెద్దలు కూచుని మాట్లాడుకున్నారు. కొడుకుంటే కొడుకు విప్పేవాడు, అప్పకి పిల్లల్లేరు. ఒక ముసలాయన, "సోమన్న ఎవుల్ని మెచ్చుకున్నాడు?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను కాదన్నాను. నాకు ఆ అర్హత లేదన్నాను. నిజంగానే అన్నాను, జీవితంలో మొదటిసారి.

"ఎల్లు గుంటా. ఆడు పైనుంచి సూత్తన్నాడు" అంది అప్ప.

తీగ ముడి తడికి బిగుసుకుపోయింది. పళ్ళతో లాగి విప్పాను. ఎండిన మండ చేతిలోకి వచ్చింది. దాన్ని పారెయ్యరు, గెడ్డలో వదులుతారు. వదిలాను. వెనక్కి తిరిగేసరికి పిల్లలు నన్ను తోసుకుంటూ కిందికి పరుగు. వాళ్ళని పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. అక్కర్లేదు కూడా.

కిందికి దిగిరమ్మంటే ఎవరూ రామన్నారు. ఇక్కడే ఉంటారట. ఊరికి పేరు పెట్టారు. నేనే కదా దొరకబుచ్చుకున్నాను, నా పేరు పెడతారేమోనని లోపల ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. డైరీకి అబద్ధం చెప్పను. సోమన్నపుట్టు అని పెట్టారు. మా అమ్మతోడు, అంతకన్నా మంచి పేరు లేదు.

సాయంత్రం అరకు వచ్చి బూత్ నుంచి ఫోన్ చేశాను. లక్ష్మీప్రసాద్ గారే ఎత్తారు. గెడ్డపుట్టు వలస వెళ్ళలేదని, ఇక నుంచి సోమన్నపుట్టు అని రాసుకోమని, పేర్లన్నీ చదివాను. పోయినవాళ్ళ పేర్లు కూడా చదివాను. అన్నీ రాసుకున్నారు. తర్వాత ఇలా అన్నారు.

"పై ఆఫీసుకి రాస్తున్నాను రాజకుమారీ. ఈసారి 'బృందం' అని రాయను. మీరు కనిపెట్టారని మీ పేరే రాస్తాను."

"అలా రాయకండి సార్" అన్నాను.

"ఎందుకు? ఎవరు కనిపెట్టారు మరి?"

"మా బావ సార్. నేను వెతుక్కుంటూ వెళ్ళేసరికి, నన్ను ముందు ఆయనే చూశాడు."